కొండవాన కొలవడం: డబ్బా ఎక్కడ పెడితే ఎంత తేడా

ఉదయగిరిలో 40 మిల్లీమీటర్లు పడిందని పేపర్లో వస్తుంది. ఆ అంకె నమ్మి చెరువుకు ఎంత నీళ్లొస్తాయో లెక్కేస్తే ఒకసారి రెట్టింపు వస్తాయి, ఇంకోసారి కలుజు దాకా కాదు గదా తూము దాకా కూడా రావు. పేపర్లో అంకె తప్పు కాదు. అది మండల కేంద్రంలో, చదును నేల మీద, వాన కొలిచే డబ్బా ఉన్నచోట పడ్డ వాన. చెరువు నింపేది వెలిగొండల వాలు మీద పడ్డ వాన. ఈ రెంటికీ మధ్య కొండ ఎత్తు, వాలు ఎటు తిరిగి ఉంది, గాలి ఎటు నుంచి వీస్తోంది, పైన చెట్టు ఉందా లేదా అనే నాలుగు సంగతులు అడ్డొస్తాయి. చెరువు కింద ఆయకట్టు రైతులో, వాటర్‌షెడ్ కమిటీవాళ్లో, ఎకో క్లబ్ నడిపే హైస్కూలు పిల్లలో ఒక వానాకాలం పట్టుగా కొలిస్తే తమ కొండ లెక్క తమ చేతికొస్తుంది. ఎలా కొలవాలో చెబుతాం.

ముందు గాలి సంగతి

నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. అప్పుడు గాలి బంగాళాఖాతం మీద నుంచి, ఈశాన్యం వైపు నుంచి వస్తుంది. మెట్ట మండలాలు దాటి వెలిగొండలకు తగిలి పైకి లేస్తుంది. పైకి లేచిన గాలి చల్లబడుతుంది, అందులోని ఆవిరి నీరవుతుంది. అందుకే తూర్పు ముఖంగా ఉన్న వాలుకు, అంటే ఉదయగిరి, రాపూరు వైపుకు, ఎక్కువ పడాలి. కొండకు పడమట బద్వేలు వైపు తక్కువ పడాలి. పుస్తకంలో ఇంతవరకే ఉంటుంది. మన కొండల దగ్గర ఇంకో మెలిక ఉంది.

వెలిగొండలు సన్నటి బారులు. ఉదయగిరి దుర్గం ఉన్న కొండ కూడా సముద్రమట్టానికి సుమారు 3000 అడుగులే. శిఖరం మీద ఒక కిలోమీటరు ఎత్తున తయారైన 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు ఆరున్నర మీటర్ల వేగంతో దిగుతుంది. నేల చేరడానికి రెండున్నర నిమిషాలు. ఈలోగా సెకనుకు 10 మీటర్ల గాలి దాన్ని కిలోమీటరున్నర అవతలకు తోసేస్తుంది. సన్నటి కొండయితే ఆ చినుకు శిఖరం దాటి అవతలి వాలు మొదట్లో పడుతుంది. అందుకే ఒక్కోసారి అన్నిటికంటే ఎక్కువ వాన శిఖరం వెనక, పడమటి వైపు మొదటి కొన్ని వందల మీటర్లలో దొరుకుతుంది. డబ్బాలన్నీ తూర్పు వాలు మీదే పెడితే ఇది ఎప్పటికీ కనపడదు.

హిమాలయాల్లో మంచు కొలిచేవాళ్ల తలనొప్పి కూడా ఇదే, కాకపోతే ఆరేడు రెట్లు. మంచు రేకు సెకనుకు మీటరు చొప్పున తేలుతూ దిగుతుంది కాబట్టి అదే గాలికి పది కిలోమీటర్లు పోతుంది. పడ్డాక కూడా గాలికి లేచి, వాలు వెనక గుంటల్లో మేట వేస్తుంది. మన వాన ఒకసారి పడితే పడినచోటే ఉంటుంది, ఆ మేరకు మన పని తేలిక.

ఆగస్టు, సెప్టెంబరు సాయంత్రాల్లో ఉరుములతో వచ్చే వానలు తరచూ పడమటి నుంచి వస్తాయి. అప్పుడు గాలిముఖం మారిపోతుంది. కాబట్టి ప్రతి వానకూ గాలి దిక్కు రాసుకోవాలి. కర్రకు కట్టిన గుడ్డ పీలిక చాలు. ఆ వరుస లేని పుస్తకం సగం పుస్తకమే.

డబ్బా

16 సెంటీమీటర్ల వెడల్పున్న గరాటు మూతి వైశాల్యం 201 చదరపు సెంటీమీటర్లు. అంటే 20 మిల్లీలీటర్ల నీళ్లు పడితే 1 మిల్లీమీటరు వాన. లెక్క తేలిక కాబట్టి ఈ కొలతే వెతుక్కోండి. వాతావరణ శాఖ వాడే ఒక రకం డబ్బాకూ మూతి 200 చదరపు సెంటీమీటర్లే. గరాటు కింద 5 లీటర్ల క్యాన్ పెడితే 250 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. చిన్న సీసా పెట్టకండి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 204.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితే అతి తీవ్ర వర్షం. నవంబరు వాయుగుండాల్లో మన వైపు అది కొత్త కాదు. సరిగ్గా కొలవాల్సిన రోజునే సీసా పొర్లిపోతే ఆ ఏడాది శ్రమంతా దండగ. క్యాన్‌ను ఒక బకెట్లో దించి పెడితే పొర్లినా బకెట్లో దొరుకుతుంది.

గరాటు మూతిని వడ్రంగి స్కేలుతో రెండు అడ్డాలా కొలవండి. ప్లాస్టిక్ గరాటు ఎండకు సాగి గుడ్డు ఆకారానికి వస్తుంది. 16 అనుకున్నది 15.5 అయితే వైశాల్యం 189కి పడిపోతుంది, ప్రతి రీడింగూ ఆరు శాతం తక్కువ చూపిస్తుంది. గరాటు గోడ నిటారుగా కనీసం నాలుగైదు సెంటీమీటర్లు లేకపోతే పెద్ద చినుకులు చిందిపోతాయి. పాత స్టీలు గిన్నె అడుగు తీసేసి గరాటు అంచుకు లోపలి వైపు సరిపడేలా ఎంసీల్‌తో అతికిస్తే సరిపోతుంది. అప్పుడు మూతి కొలత గిన్నెదే తీసుకోవాలి, గరాటుది కాదు. ఇక్కడ చాలామంది పొరపడతారు.

మూతి నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. అంతకంటే కిందికి దించితే నేల మీద పడ్డ చినుకు ఎగిరి లోపల పడుతుంది. ఎత్తితే గాలి ఎక్కువై వాన పక్కకు పోతుంది. బండ మీద పెట్టవద్దు, రాతి మీద చినుకు మట్టి మీదకంటే పైకి ఎగురుతుంది. వెలిగొండల్లో ఎక్కడ చూసినా క్వార్ట్‌జైట్ పలకలే కాబట్టి గడ్డి ఉన్న జాగా వెతకడానికి కాస్త తిరగాల్సి వస్తుంది. మూతి మట్టంగా ఉందో లేదో మేస్త్రీ దగ్గరి రసమట్టం పెట్టి చూడండి.

రోజూ ఉదయం 8:30కి కొలవాలి. 14వ తేదీ ఉదయం కొలిచింది 13 ఉదయం నుంచి పడ్డ వాన, అయినా 14 కిందే రాయాలి. అధికారిక లెక్కలూ అలాగే ఉంటాయి. ఇది కలగాపులగం చేసుకుని, మా డబ్బాలో పడింది పేపర్లో లేదే అని వాదించడం ఏటా ఉండేదే. కొండపైన ఉన్న డబ్బా దగ్గరకు రోజూ ఎక్కలేరు. దాన్ని వారానికోసారి కొలిచినా ఫరవాలేదు, కానీ క్యాన్‌లో ఒక చెంచా వంటనూనె వెయ్యండి. తెట్టు కట్టి నీరు ఆవిరి కాకుండా ఆపుతుంది, దోమలు గుడ్లు పెట్టవు. కొలిచేటప్పుడు నూనె గీత కింద ఉన్న నీటినే చదవాలి. కొలపాత్ర లేకపోతే వంటింటి డిజిటల్ కాటా వాడొచ్చు, గ్రాము అంటే మిల్లీలీటరే. అప్పుడు నూనె బరువు తీసేయడం మరవొద్దు.

కొండ మీద వరుస

కనీసం అయిదు చోట్లు కావాలి. మొదటిది ఊళ్లో లేదా చేనులో, కొండకు రెండు మూడు కిలోమీటర్ల ఇవతల. రెండోది కొండవార. మూడోది నడిమి వాలు. నాలుగోది శిఖరానికి కాస్త కింద. అయిదోది అవతలి వాలు. శిఖరం కొన మీద మాత్రం పెట్టకండి. అక్కడ గాలి ఒత్తుకుని వేగం పెంచుకుంటుంది, డబ్బా మూతి మీద సుడి లేచి చినుకుల్ని దాటించేస్తుంది. ఎక్కువ వాన పడ్డచోట తక్కువ చూపించే డబ్బా అదే. మామూలు గాలిలో వాన కొన్ని శాతాలే తప్పుతుంది గానీ, మంచయితే గట్టి గాలికి సగం కూడా తప్పిపోవచ్చు.

బయలు డబ్బాకు చుట్టూ ఉన్న చెట్లు వాటి ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో ఉండాలి. 5 మీటర్ల చెట్టుకు 10 మీటర్లు. అడవి మధ్య అంత ఖాళీ దొరకదు, పాత బాట మలుపులో, పశువుల మందలు నిలిచే జాగాలో దొరుకుతుంది. చుట్టూరా నడుమెత్తు పొదలు ఇదే లెక్కన దూరంగా ఉంటే మంచిదే, గాలిని కోస్తాయి. పొద నరికి జాగా చెయ్యాలని మాత్రం అనుకోకండి.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. ఇది ఎర్రచందనం అడవి. అనుమతి కాగితం లేకుండా పైపులు, రంపం, క్యాన్లు పట్టుకుని రిజర్వు అడవిలో కనపడితే ఏం కొలుస్తున్నారో ఎవరూ అడగరు. ముందే ఫారెస్టు రేంజి ఆఫీసులో ఎక్కడెక్కడ ఏం పెడుతున్నారో పటం గీసి, ఎవరెవరు ఎప్పుడు వస్తారో రాసి ఇచ్చి, అనుమతి తీసుకోండి. పెనుశిల నరసింహ అభయారణ్యం లోపలయితే అది మరీ తప్పదు. ఎలుగుబంట్లు తిరిగే చోట్లు కాబట్టి తెల్లవారుజామున, చీకటి పడ్డాక ఎక్కవద్దు. వాన పడుతుండగా అసలే వద్దు. వంక దాటి పైకి పోయినవాళ్లు తిరిగి దాటలేని పరిస్థితి అరగంటలో వస్తుంది.

వాలు లెక్క

మట్టంగా పెట్టిన డబ్బా నిటారుగా పడే వానను సరిగా కొలుస్తుంది. ఏటవాలుగా కొట్టే వానలో వాలు నేలకు నిజంగా అందింది ఎంతో అది చెప్పదు. నేల దగ్గర సెకనుకు 5 మీటర్ల గాలి, చినుకు వేగం ఆరున్నర అనుకోండి. 20 డిగ్రీల వాలు గాలికి ఎదురుగా ఉంటే మట్టం డబ్బా చూపిన దానికంటే సుమారు 28 శాతం ఎక్కువ అందుకుంటుంది. గాలికి వీపు పెట్టిన వాలు అంతే తక్కువ అందుకుంటుంది. ఒకే వాన, ఒకే కొండ, మధ్యలో ఇంత తేడా.

దీన్ని పట్టుకోవాలంటే నడిమి వాలు మీద రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టండి. ఒకటి మట్టంగా, ఇంకోటి మూతి నేలవాలుకు సమాంతరంగా. రెండోదాని రీడింగును వాలు అంకెతో భాగించాలి. వాలు 10 డిగ్రీలయితే 0.98తో, 20 అయితే 0.94తో, 30 అయితే 0.87తో. వచ్చినదే పటం మీది చదరపు మీటరుకు పడ్డ వాన. వాలు కోణం చూడటానికి ఫోన్లో యాప్ ఉంది, లేదంటే పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానినికి దారం, చిన్న గుండు కట్టి ఒక పొడవాటి బద్ద మీద పెట్టి చూడొచ్చు. డబ్బా పక్కన ఒక్క అడుగు నేల చూసి కోణం తీయకండి, 20 మీటర్ల పొడవున చూడాలి.

చెట్టు కింద

చెట్టు కింద ఒక డబ్బా పెట్టి, బయట ఒకటి పెట్టి తేడా చూస్తే సరిపోతుందనుకోవడం మొదటి తప్పు. ఆకుల మధ్య సందు కింద ఉన్న డబ్బాకు పూర్తి వాన పడుతుంది, రెండడుగుల పక్కన ఉన్నదానికి సగమే. కొమ్మ కొసన నీళ్లు ధారగా కారేచోట బయటికంటే ఎక్కువే పడుతుంది. అలా ఎక్కువ వచ్చిన రీడింగును తప్పు అనుకుని కొట్టేయకండి. అది కొట్టేస్తే సగటు తగ్గి, చెట్టు లేనిపోని నీళ్లు తాగినట్టు లెక్క తేలుతుంది.

పది డబ్బాలు ఉంటే ప్రతి వానకూ చోటు మార్చుతూ పోవాలి. అంతకంటే దోనె నయం. 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు 2 మీటర్ల ముక్క తీసుకుని, పొడవునా 7 సెంటీమీటర్ల వెడల్పు చీలిక కొయ్యండి. సగానికి నిలువునా చీల్చవద్దు. సగం పైపు లోతు తక్కువై చినుకు చిందిపోతుంది, చీలిక వేసిన పైపులో పక్కగోడలు లోపలికి వంగి చిందును ఆపుతాయి. 7 సెంటీమీటర్లు 200 సెంటీమీటర్లతో గుణిస్తే 1400 చదరపు సెంటీమీటర్లు, అంటే మిల్లీమీటరుకు 140 మిల్లీలీటర్లు. కింద 20 లీటర్ల మినరల్ వాటర్ క్యాన్ పెడితే 142 మిల్లీమీటర్ల దాకా ఆగుతుంది.

కోశాక పీవీసీ బిగుసుకుని చీలిక సన్నబడుతుంది. అరసెంటీమీటరు తగ్గినా ఏడు శాతం తప్పు. ప్రతి అర మీటరుకూ ఒక సన్నటి కమ్మీ అడ్డం పెట్టి 7 సెంటీమీటర్లు నిలబెట్టండి. దోనెను వాలుకు అడ్డంగా, అంటే గట్టు వేసినట్టు, పరచండి. పొడవున మూడు నాలుగు సెంటీమీటర్లు వాటం ఇస్తే నీరు క్యాన్ వైపు పోతుంది, వాలు లెక్క కలపాల్సిన పని ఉండదు. పెట్టాక లీటరు నీళ్లు దోనె పొడవునా చల్లి క్యాన్‌లో ఎంత చేరిందో చూడండి. ఇరవై ముప్పై మిల్లీలీటర్లు దోనె తడికే పోతాయి. అది 0.2 మిల్లీమీటరు, పెద్ద వానలో లెక్కలోకి రాదు గానీ 2 మిల్లీమీటర్ల జల్లులో పదో వంతు. మూతి దగ్గర దోమల జాలి ముక్క చుట్టి పెట్టండి. వేప ఆకులు, చింతాకుల్లాంటి సన్నరకాలే పైపును ఎక్కువ మూస్తాయి. ఎకరం జాగాకు ఇలాంటి దోనెలు అయిదారు ఉంటే సగటు నమ్మొచ్చు. వాన ఆగిన వెంటనే కొలవకండి, ఆకుల నుంచి గంట, రెండు గంటలు కారుతూనే ఉంటుంది.

కోతులు క్యాన్ మూత తిప్పి తీస్తాయి. తాడుతో కట్టడం పనిచేయదు, సగం లోతు పూడ్చి చుట్టూ రాళ్లు పేర్చండి.

మాను వెంట జారే నీరు

కొంత నీరు కొమ్మల మీదుగా మాను పట్టుకుని దిగుతుంది. ఎర్రచందనం బెరడు మొసలి వీపులా పగుళ్లు పగుళ్లుగా ఉంటుంది, చాలా నీటిని అదే పీల్చుకుంటుంది. నున్నటి జామాయిల్ మాను మీద ఎక్కువ జారుతుంది. రొమ్మెత్తున రబ్బరు గొట్టాన్ని నిలువునా చీల్చి, మాను చుట్టూ ఒకటిన్నర చుట్టు ఏటవాలుగా చుట్టి, సందుల్లో సిలికాన్ జిగురు పూసి, కొసను క్యాన్‌లోకి దించాలి. మేకులు కొట్టవద్దు, బెరడు చెక్కవద్దు. వచ్చిన నీటిని మాను మందంతో కాక తలకట్టు పరచుకున్న వైశాల్యంతో భాగించాలి. తలకట్టు వ్యాసార్ధం 3 మీటర్లయితే 28 చదరపు మీటర్లు. 12 లీటర్లు వస్తే 0.43 మిల్లీమీటరు. క్యాన్ నిండింది గదా అని సంబరపడితే లెక్క ఇంతే తేలుతుంది. మన పొడి అడవుల్లో ఈ భాగం కొద్దిపాటిదే కాబట్టి రెండు మూడు మానులకు కట్టి వదిలేయొచ్చు.

లెక్క కట్టడం

ఉదాహరణకు బయట 42 మిల్లీమీటర్లు, దోనెల సగటు 34.6, మాను వెంట 0.4 వచ్చిందనుకోండి. నేల చేరింది 35. ఆకులు, కొమ్మలు పట్టుకుని గాలికి ఆరబెట్టింది 7, అంటే ఆరో వంతు. ఈ ఆరో వంతును ప్రతి వానకూ అంటగట్టకండి. ఆకు మీద నిలవగలిగే నీరు ఒకటి రెండు మిల్లీమీటర్లే. 2 మిల్లీమీటర్ల జల్లు మొత్తం ఆకుల మీదే ఆగి ఆరిపోవచ్చు, స్వాతి కార్తెలో తెల్లార్లూ దంచిన 120 మిల్లీమీటర్లలో చెట్టు పట్టుకునేది చాలా చిన్న వంతు. కాబట్టి చిన్న వానలు, పెద్ద వానలు వేరు వేరు పట్టీల్లో రాసుకోవాలి. గళ్ల కాగితం మీద అడ్డంగా బయటి వాన, నిలువుగా చెట్టు కింది వాన పెట్టి చుక్కలు పెడితే గీత సున్నా దగ్గర కాకుండా కొంచెం కుడివైపు మొదలవుతుంది. ఆ జరుగుడే మీ అడవి ఆకు పట్టుకునే నీరు. హిమాలయాల దేవదారు అడవుల్లో కొమ్మ మీద ఆగిన మంచు రోజుల తరబడి ఉండి, కరగకుండానే కొంత ఆవిరైపోతుంది. అందుకే అక్కడ అడవి మధ్య ఖాళీల్లో చెట్ల కింద కంటే మంచు లోతుగా దొరుకుతుంది.

ఇక చెరువు లెక్క. 300 ఎకరాల పరీవాహకంలో 30 శాతం కొండవారలో ఉండి అక్కడ 40, 50 శాతం నడిమి వాలులో ఉండి అక్కడ 58, 20 శాతం పైన ఉండి అక్కడ 66 పడిందనుకుంటే సగటు 54.2. కొండవార డబ్బా ఒక్కటే నమ్మితే 40. తేడా 14 మిల్లీమీటర్లు. ఎకరంలో 1 మిల్లీమీటరంటే 4,047 లీటర్లు కాబట్టి ఆ తేడా సుమారు 1 కోటి 70 లక్షల లీటర్లు, ఇంజనీర్ల భాషలో 0.6 ఎంసీఎఫ్‌టీ (ఒక ఎంసీఎఫ్‌టీ అంటే పది లక్షల ఘనపుటడుగులు). ఇది కొండ మీద పడ్డ నీరు. చెరువు చేరేది ఇందులో కొంతే. నేల ఎంత తడిసి ఉంది, వాన ఎంత జోరుగా పడింది అనేవి దాన్ని తేలుస్తాయి.

ఆరో వంతు చెట్టే తాగుతోంది, నరికితే చెరువు నిండుతుందని ఈ లెక్క చూసి ఎవరో ఒకరు అంటారు. బోడికొండ మీద వాన గంటలో కిందికి వచ్చేస్తుంది, వచ్చేటప్పుడు మట్టిని తెచ్చి చెరువు కడుపులో పోస్తుంది. ఆకు చెత్త కింద ఇంకిన నీరు సంక్రాంతి దాకా వంకలో సన్నగా పారుతూ ఉంటుంది. దోనె లెక్క పక్కనే వాగులో ఒక కొలబద్ద పాతి, వాన వెలిసిన తర్వాత రోజూ మట్టం రాస్తే రెండూ కనపడతాయి.

చిత్త కార్తె రాకముందే, అక్టోబరు మొదటి వారానికల్లా, అన్నీ పెట్టేయాలి. డిసెంబరు చివర తీయొద్దు. జనవరి నుంచి మార్చి మధ్య చెట్లు ఆకు రాలుస్తాయి. ఆ నెలల్లో ఒక వాన పడితే, ఆకు లేని కొమ్మలు ఎంత పట్టుకుంటాయో విడిగా తెలుస్తుంది. అదీ కొలిచాక దోనెలు దించి నీడన పెట్టండి. పీవీసీ ఒక వేసవి ఎండకు పెళుసెక్కుతుంది.